టేపు అయిపోయిన చోట

తెనాలి ఇంటికి రంగులు వేయిద్దామని అటక ఖాళీ చేస్తుంటే బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో లేపాను. గుప్పున వాసన. కలరా ఉండలు, పాత ప్లాస్టిక్, వాటి అడుగున సన్నగా మైనం వాసన. "ఎలుక చచ్చిందేమో చూడరా" అంది అమ్మ వంటింట్లో నుంచి. ఎలుక కాదు, క్యాసెట్లు. అప్పట్లో దొరికిన కొన్ని క్రోమ్ టేపులు పాతబడితే ఇలా మైనం వాసన వేస్తాయి.

పైనున్న దాని మీద నీలి బాల్‌పెన్నుతో కుడివైపు వాలిన అక్షరాలు. ఎ వైపు యూ2 అనే ఐరిష్ రాక్ బృందం వాళ్ల 'ది జాషువా ట్రీ'. బి వైపు గన్స్ అండ్ రోజెస్ బృందం వాళ్ల 'యాపిటైట్ ఫర్ డిస్ట్రక్షన్', దాని పక్కనే బ్రాకెట్లో రెండు పాటలు తక్కువ అని చిన్న గమనిక. చేతిరాత నాది కాదు. మా షిల్లాంగ్‌ది.

షిల్లాంగ్ అంటే ఊరు కాదు, మనిషి. హాస్టల్లో ఎవరినీ సొంత పేరుతో పిలిచిన జ్ఞాపకం లేదు. వరంగల్ ఆర్.ఇ.సి.లో, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో, అప్పట్లో సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకు, సగం బయటి రాష్ట్రాల వాళ్లకు. అందువల్ల తెనాలిలో తెలుగు మీడియంలో చదివి, ఘంటసాల భగవద్గీత వింటూ నిద్ర లేచిన నాకు, మేఘాలయ నుంచి ట్రంకుపెట్టెలో సగానికి సగం క్యాసెట్లే తెచ్చుకున్న ఖాసీ కుర్రవాడితో ఒకే గది పడింది. మొదటి వారం మా మధ్య మాటలు తక్కువ. అతని ఇంగ్లీషు నాకు అందేది కాదు, నా ఇంగ్లీషు అసలు బయటికే వచ్చేది కాదు. వాళ్ల ఊళ్లో 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజును పండగలా జరుపుతారని చెప్పినప్పుడు, ఆ బాబ్ డిలన్ అమెరికా పాటగాడని తెలియక, వాళ్ల ఎమ్మెల్యే అనుకుని తలూపాను.

* * *

మా వరండాలో మూడు సంగీతాలుండేవి. పక్క గదిలో కడప. వాళ్ల నాన్న కువైట్ నుంచి తెచ్చిన రెండు డెక్కుల టేప్‌రికార్డర్ వల్ల అతనికి వింగు మొత్తం మీద గౌరవం. అతను ఇళయరాజా భక్తుడు. ఆ పక్క గదిలో జగిత్యాల. అతని దగ్గర ఉన్న క్యాసెట్ల మీద ఏ పేరూ రాసి ఉండదు. గద్దర్ అజ్ఞాతంలో ఉన్న రోజులవి. తలుపు వేసుకుని, శబ్దం తగ్గించి వినేవాడు. మా గదిలో గన్స్ అండ్ రోజెస్. సాయంత్రం ఆరు దాటాక వరండా మధ్యలో నిలబడితే మూడూ కలిసి వినిపించేవి. వార్డెన్ గారు ఒకసారి అక్కడే ఆగి, కాసేపు విని, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

కొత్త క్యాసెట్టు కొనడం అంటే హన్మకొండ చౌరస్తా దాకా వెళ్లడం. ఆ కొట్లలో ఇంగ్లీషు పాటలు అడిగితే 'డిస్కో' అని రాసి ఉన్న ఏదో క్యాసెట్టు తీసి ఇచ్చేవారు. అందుకని మేం కొన్నవన్నీ ఖాళీ క్యాసెట్లే. పాటలు షిల్లాంగ్ ట్రంకుపెట్టెలో నుంచి రావాలి.

అతనికో నియమం ఉండేది. అసలు క్యాసెట్టును వినకూడదు. వింటే అరుగుతుంది. దాన్ని కడప టేప్‌రికార్డర్‌లో ఒకే ఒక్కసారి, రెట్టింపు వేగంతో తిప్పి నకలు తీయాలి, వెంటనే పెట్టెలో పెట్టి తాళం వేయాలి. ఆ వేగంలో పాట చీమలు మాట్లాడుకుంటున్నట్టు కీచుమంటుంది తప్ప ఏమీ తెలియదు. అంటే మాలో ఎవరూ, అతనితో సహా, ఆ అసలు క్యాసెట్లను హాస్టల్లో విననే లేదన్న మాట. కనీసం చాలా ఏళ్లు నేను అలాగే అనుకున్నాను.

ఇక లెక్క. సి-90 క్యాసెట్టంటే ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు. కంపెనీ దయతలిస్తే ఇంకో నిమిషం అటూ ఇటూ. ఒక వైపు ఒక ఆల్బమ్, రెండో వైపు ఇంకొకటి. మెస్సు బిల్లు కట్టాక మిగిలే డబ్బులతో అంతకు మించి కుదరదు. కానీ ఆ కాలపు రాక్ బృందాలు మా జేబులు చూసి పాటలు కట్టలేదు కదా. సి.డి.లు వస్తున్న రోజులు, ఎల్పీ రికార్డుల కొలతల బాధ తగ్గింది, ఆల్బమ్‌లు ఏటికేడు సాగుతున్నాయి. 'ది జాషువా ట్రీ' యాభై నిమిషాలు. 'యాపిటైట్' యాభై నాలుగుకు కాస్త తక్కువ. డెఫ్ లెపర్డ్ 'హిస్టీరియా' అరవై రెండు దాటింది. మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' అరవై ఐదు.

* * *

'యాపిటైట్' కోసం ఎన్నిక జరిగింది. ఎన్నికంటే నిజమైన ఎన్నికే. నోటు పుస్తకం చింపి చీటీలు, అగ్గిపెట్టె ఖాళీ డబ్బాలో వేయడం, జగిత్యాల ఎన్నికల అధికారి. అతను బూర్జువా ఎన్నికల మీద నమ్మకం లేదని ముందే ప్రకటించి, అయినా చీటీలు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాడు. పన్నెండు పాటల్లో ఏ రెండు తీసేస్తే మిగతావి బొటాబొటిగా ఒక వైపు పడతాయన్నది ప్రశ్న. కడప మొండిగా 'రాకెట్ క్వీన్' తీసేయమన్నాడు. ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది, అదొక్కటి పోతే ఇంకో చిన్నది తీస్తే చాలు కదా అని అతని వాదన. షిల్లాంగ్ అన్నం మానేసేంత పని చేశాడు. చివరికి 'నైట్‌ట్రెయిన్', 'అవుట్ టా గెట్ మీ' ఓడిపోయాయి.

ఆ ఆల్బమ్ 1987 జూలైలో వచ్చింది. అమెరికాలో మొదటి స్థానానికి చేరడానికి ఏడాది పైన పట్టింది. మా వరండాకు చేరడానికి ఇంకాస్త. ఎల్పీ మీద ఎ వైపు, బి వైపు అని ఉండదట, జి వైపు, ఆర్ వైపు అని ఉంటుందట, అంటే తుపాకులు ఒక వైపు, గులాబీలు ఒక వైపు. షిల్లాంగ్ ఈ సంగతి చెప్పినప్పుడు మాకు ఆల్బమ్ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. ఆ బృందం గాయకుడు ఆక్సల్ రోజ్ గొంతు మొదటిసారి విని పాడేది ఆడమనిషి అనుకున్నవాళ్లలో నేనొక్కడినే కాదు. కరెంటు పోయినప్పుడు ఆరు పెద్ద సెల్లులు వేసి నడిపేవాళ్లం. సెల్లులు బలహీనపడేకొద్దీ రీలు నెమ్మదించి, ఆ గొంతు మెల్లగా కిందికి దిగి, చివరి పాటలకు వచ్చేసరికి మామూలు మగవాడి గొంతయ్యేది. గిటారు వాయించే స్లాష్ వాయింపు మాత్రం ఆ నెమ్మదిలో కూడా బాగుండేది. ఇప్పటికీ నా చెవికి 'స్వీట్ చైల్డ్' కాస్త తొందరపడుతున్నట్టే ఉంటుంది.

* * *

'హిస్టీరియా' డ్రమ్మర్‌కు ఒకే చెయ్యి అని షిల్లాంగ్ చెబితే ఎవరూ నమ్మలేదు. కోతలకూ హద్దుండాలి అన్నాడు కడప. ఇంటర్నెట్ లేని కాలంలో ఒక నిజాన్ని నిజమని తేల్చుకోవడానికి నెలలు పట్టేది. ఆ లోపల అది పందెంగా మారి, పందెం పెరిగి, చివరికి అందరికీ బిర్యానీ దాకా వెళ్లింది. సెలవుల్లో హైదరాబాదు వెళ్లిన ఒకతను ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో ఒక విదేశీ పత్రిక పట్టుకొచ్చాడు. అందులో ఫొటో. రిక్ అలెన్. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది. ఆ చెయ్యి వాయించే పనిని ఎడమ కాలికి అప్పగించి, పెడళ్లతో పనిచేసే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు చేయించుకున్నాడు. కడప ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. బిర్యానీ ఖర్చు పెట్టాడు. ఆ తర్వాత 'హిస్టీరియా' వేసినప్పుడల్లా అందరినీ నోరు మూయించి డ్రమ్ములు వినమనేవాడు. ఇళయరాజా పక్కన అతను చోటిచ్చిన మొదటి పరాయివాడు రిక్ అలెన్.

మెటాలికా విషయం వేరే. ఆ క్యాసెట్టు వేసినప్పుడు కడప మొహం చిట్లించి, "బేస్ ఏది?" అన్నాడు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు పల్లవి కింద ఇంకో పాటలా నడుస్తుంది. దానికి అలవాటుపడిన చెవులవి. 'జస్టిస్'లో గిటార్లు రంపపు కోతలా ఉన్నాయి, డ్రమ్ములు టకటకమంటున్నాయి, కింద ఏమీ లేదు. తప్పు టేప్‌రికార్డర్‌దేనని తేలింది. ఎలక్ట్రానిక్స్ చదివే సీనియర్‌ను పిలిపించాం. అతని పేరే డాక్టర్. దూది, స్పిరిట్, సన్నటి స్క్రూడ్రైవరుతో వచ్చి, ముందు టేపును చదివే హెడ్డు తుడిచాడు. దూది గోధుమ రంగుకు తిరిగింది. అందరం తృప్తి పడ్డాం. బేస్ రాలేదు. అప్పుడు హెడ్డు పక్కనుండే చిన్న మరను పట్టుకుని అరచుట్టు ఇటు, పావుచుట్టు అటు. ఆ మర తిప్పితే మారేది పైస్థాయి ధ్వనే గాని బేస్ కాదు. ఆ సంగతి వరండాలో ఎవరికీ తెలియదు, డాక్టర్‌తో సహా. సాయంత్రానికి మెటాలికాలో బేస్ లేదు, కడప ఇళయరాజా క్యాసెట్లన్నీ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ముద్దగా తయారయ్యాయి.

అసలు కారణం చాలా ఏళ్లకు ఒక వ్యాసంలో చదివాను. మిక్సింగ్‌లోనే బేస్‌ను దాదాపు వినపడకుండా తగ్గించేశారట. పాత బేస్ వాద్యకారుడు క్లిఫ్ బర్టన్ 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో చనిపోయాడు. అతని స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్‌కు అది బృందంతో చేసిన మొదటి పూర్తి ఆల్బమ్. పాపం, ఆ మొదటి ఆల్బమ్‌లోనే అతని వాయింపు మాయం. ఇది చెబుదామని కడపకు ఫోన్ చేస్తే, "డాక్టర్ ఎక్కడున్నాడిప్పుడు?" అని మాత్రం అడిగాడు.

* * *

వరంగల్ ఎండాకాలం రాత్రుల్లో గదిలో పడుకోవడం అసాధ్యం. ఇనుప మంచాలు ఈడ్చుకుంటూ మేడ మీదికి చేర్చేవాళ్లం. తెల్లవారుజామున లేచి చూస్తే వరసలు వరసలుగా మంచాలు, వాటి మీద తెల్ల దుప్పట్లు. షిల్లాంగ్ ఒకరోజు కిందికి పరుగెత్తి, పింక్ ఫ్లాయిడ్ 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' క్యాసెట్టు తెచ్చి దాని అట్ట చూపించాడు. సముద్రపు ఒడ్డున ఇసుకలో అంతు లేకుండా మంచాలు. కెమెరా మాయ కాదు. ఇంగ్లండులో డెవన్ తీరానికి ఏడు వందల ఇనుప మంచాలు నిజంగానే మోయించి, పేర్పించి ఫొటో తీశారు. వాన పడితే మళ్లీ ఇంకోసారి మోయించారు. మేం ఆ ఫొటో కన్నా మంచాలు మోసినవాళ్ల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. మూడో అంతస్తుకు ఒక్క మంచం ఎక్కించడమే మాకు తెలుసు.

ఆ ఆల్బమ్ గురించి చెప్పడానికి అంతకన్నా ఏమీ లేదు. మంచి అట్ట.

* * *

1988 సెప్టెంబరు 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్ల కచేరీ. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియెల్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌దూర్. విశ్వ మానవ హక్కుల ప్రకటనకు నలభై ఏళ్లు నిండిన సందర్భం. మా పై ఏడాది బెంగాలీ అబ్బాయి ఒకడు కాజీపేటలో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోయాడు. రిజర్వేషన్ లేదు, ఇంట్లో చెప్పలేదు. తిరిగొచ్చేసరికి గొంతు పోయింది. రెండు రోజులు సైగలతో, తర్వాత గుసగుసలతో కచేరీ మొత్తం మళ్లీ జరిపించాడు.

అతను వెంట తెచ్చిన క్యాసెట్టు స్టింగ్‌ది, 'నథింగ్ లైక్ ది సన్'. అందులో 'దే డాన్స్ అలోన్' అనే పాట ఉంది. అర్థం నాకు తెలియలేదు. షిల్లాంగ్ నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. చిలీ దేశంలో జంటగా ఆడే జానపద నృత్యం ఒకటుంది. సైనిక పాలనలో భర్తలనూ కొడుకులనూ ఎవరో పట్టుకుపోయారు, మళ్లీ కనబడలేదు. ఆ ఆడవాళ్లు వాళ్ల ఫొటోలు గుండెలకు పెట్టుకుని, ఆ నృత్యాన్ని ఒంటరిగా వీధిలో ఆడతారు.

గుమ్మంలో జగిత్యాల నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మా పాటల కోసం అతను మా గదికి రావడం అంతకు ముందు లేదు. "ఇంకోసారి వేయండి" అన్నాడు.

వేశాం. మూడోసారి కూడా. ఎవరూ ఏమీ అనలేదు. పౌర హక్కుల కోసం పనిచేసిన డాక్టర్ రామనాథాన్ని 1985 సెప్టెంబరులో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపిన ఊరు అది. 'ఎదురుకాల్పులు' అన్న మాట పేపర్లో చదివి పేజీ తిప్పేయడం మాకు అప్పటికే అలవాటైంది. పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు చూపించమని అడిగే హెబియస్ కార్పస్ అన్న లాటిన్ మాట, ఆ జిల్లాల్లో చదువురాని తల్లుల నోట కూడా పలికేది. కొడుకు ఎక్కడున్నాడో చెప్పమని తిరిగే తల్లులు జగిత్యాలకు పాటలోవాళ్లు కాదు. ఎవరి సంగతీ అతను చెప్పలేదు, మేం అడగలేదు. క్యాసెట్టు తీసి అతని చేతికిచ్చాడు షిల్లాంగ్. ఆ రాత్రి జగిత్యాల గదిలో నుంచి మొదటిసారి ఇంగ్లీషు పాట వినిపించింది, ఎప్పటిలా శబ్దం తగ్గించి.

* * *

'ది జాషువా ట్రీ'ని చివరికి మిగిల్చాను. అదే నాకు అన్నిటి కన్నా ఇష్టం కనుక. దాని పాటల వరస నాకు ఎంత కంఠస్థమంటే, ఒక పాట ఆఖరి తీగ ఆగకముందే రెండోది మనసులో మొదలయ్యేది. తొమ్మిదోది 'వన్ ట్రీ హిల్'. న్యూజిలాండు నుంచి వచ్చి యూ2 వాళ్ల దగ్గర పనిచేసిన గ్రెగ్ కారల్ అనే మావోరీ కుర్రవాడు డబ్లిన్‌లో మోటారుసైకిల్ ప్రమాదంలో పోతే అతని కోసం కట్టినది. ఆల్బమ్ కూడా అతనికే అంకితం. పదోది 'ఎగ్జిట్'. చాలాసేపు గుసగుసలా ఉండి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, మళ్లీ సద్దుమణుగుతుంది. దాని తర్వాత వాన పడుతున్నట్టు దూరంగా ఏదో చప్పుడు రెండు మూడు క్షణాలు వచ్చి, టక్. ప్లే బటన్ పైకి లేస్తుంది. ఆల్బమ్ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఆ వాన చప్పుడు మా టేపు గీరుకుపోవడం వల్ల అనుకున్నాను. ఆ ముగింపు నాకు బాగానే ఉండేది కూడా.

ఉద్యోగంలో చేరి బెంగళూరులో సి.డి. ప్లేయరు కొన్నాక పాతవన్నీ ఒక్కొక్కటే మళ్లీ కొనడం మొదలుపెట్టాను. టామ్ పెటీ 'ఫుల్ మూన్ ఫీవర్' సి.డి. మధ్యలో ఆయనే ఆపి మాట్లాడతాడు. క్యాసెట్టు, రికార్డు వినేవాళ్లు ఇప్పుడు లేచి వైపు మార్చుకోవాలి, వాళ్లకు అన్యాయం కాకుండా మనం కూడా కాసేపు ఆగుదాం అని. 1989 నాటి ఆ పరిహాసానికి గదిలో ఒక్కడినే కూర్చుని పకపకా నవ్వాను.

అదే వారం 'ది జాషువా ట్రీ' కూడా కొన్నాను. 'ఎగ్జిట్' అయిపోయింది. వాన చప్పుడు మొదలైంది. టక్ లేదు. వాన ఆగలేదు. నింపాదిగా, ఎవరినీ తొందరపెట్టకుండా పదకొండో పాట మొదలైంది. 'మదర్స్ ఆఫ్ ది డిసపియర్డ్'. మాయమైపోయిన వాళ్ల తల్లులు. అర్జెంటీనా, ఎల్ సాల్వడార్ తల్లుల గురించి.

అట్ట మీద పేరు ఉంటుందిగా అంటారేమో. మా నకలు క్యాసెట్లకు అట్టలెక్కడివి? తర్వాత తెలిసింది, ఆ ఆల్బమ్ పాటల వరస పేర్చింది కర్స్టీ మెకాల్ అనే గాయని. మొదటి పాట ఏది ఉండాలో, చివరి పాట ఏది ఉండాలో మాత్రం బృందం వాళ్లే చెప్పి, మధ్యలోవి ఆమె ఇష్టానికి వదిలేశారట. వాళ్లు అంత పట్టుబట్టి చివర పెట్టిన పాటకే మా సి-90లో చోటు చాలలేదు. నలభై ఐదు నిమిషాల దగ్గర టేపు ఆగింది, ఇంకో ఐదు నిమిషాలు వరంగల్ చేరలేదు. 'యాపిటైట్'కు ఎన్నిక పెట్టాం, దీనికి అదీ లేదు. ఎవరూ ఓటు వేయకుండానే పోయింది.

డబ్బా దొరికిన రోజు సాయంత్రం క్యాసెట్టు ఫొటో తీసి మా నలుగురి గ్రూపులో పెట్టాను. ఈ చివరి పాట సంగతంతా రాశాను. ఇన్నేళ్లుగా మనం విననిది ఇదీ అని. రాసింది బాగానే వచ్చిందనుకున్నాను.

జగిత్యాల ఇప్పుడు నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజినీరు. పదవీ విరమణకు దగ్గరపడ్డాడు. అందరికన్నా ముందు అతని జవాబు వచ్చింది. "నేను అప్పుడే విన్నాను. స్టింగ్ క్యాసెట్టు తిరిగి ఇచ్చిన రోజు వాడు పెట్టె తాళం తీసి అసలుది ఇచ్చాడు. చివరి పాట విను అన్నాడు. నెల రోజులు నా దగ్గరే ఉంది."

వినకూడదన్న నియమం ఏమైందని షిల్లాంగ్‌ను అడిగాను. అతను ఇప్పుడు అక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాడు. బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

ఈ గొడవేదీ పట్టనట్టు కడప రాసింది ఇదీ: "రాకెట్ క్వీన్ తీసేసి ఉంటే సరిపోయేదని నేను అప్పుడే చెప్పాను. చీటీలు లెక్కపెట్టింది ఎవరు?" జగిత్యాల రెండుసార్లు లెక్కపెట్టానన్నాడు. తెల్లారేసరికి గ్రూపులో డెబ్బై మెసేజీలు, అన్నీ ఆ రెండు పాటల గురించే.